నివురు గప్పిన నక్షత్రము

వైశాఖమాసమున ప్రొద్దు గ్రుంకిన పిదప చందా కోటగోడ ప్రక్కగా నడచినవారికి దాని కాక తెలియును. గోడ కంటికి నల్లగానే యుండును. చేయి దగ్గఱకు చేర్చిన వేడి తగులును. కంటికి గోచరింపని యీ వెలుగునకే పరారుణ కిరణములని పేరు. 1800 సంవత్సరమున విలియం హెర్షెల్ సూర్యకాంతిని గాజుపట్టకముతో విడదీసి, యెఱుపునకు ఆవల ఉష్ణమాపకము నుంచి దీనిని కనుగొనెను.

1901 ఫిబ్రవరిలో ఎడింబరోలోని ఆండర్సన్ పర్సియస్ మండలమున ఒక క్రొత్త చుక్కను చూచెను. ఇట్టివానిని నవతార లందురు. పేరే గాని అవి నూతనములు కావు. ముసలిదైన శ్వేతకుబ్జతార తన జంటతార నుండి హైడ్రోజన్ వాయువును లాగుకొని, అది పేరుకొనగా భగ్గున మండి, పైపొరను విసరివేయును.

ఆ కాలముననే హైదరాబాదులో నవాబు జఫర్ జంగు 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించెను. 1908లో నిజాము ప్రభుత్వము ఆ వేధశాలను స్వీకరించెను. మన జిల్లాలోని రాజురా తాలూకా 1956 వఱకు ఆ హైదరాబాదు రాష్ట్రములోనిదే కదా! బేగంపేటలో ఆకాశమును ఫొటోలు తీసి, ఏడు లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను పట్టికలుగా అచ్చొత్తించిరి. జీవితమంతయు రికార్డులు వ్రాసిన నాబోటివానికి ఆ పనిపై గౌరవము మెండు. కాని యది ఆవర్జా వంటిది. నవతారకు కావలసినది చిట్టా. ఒక రాత్రి తప్పినచో ఆ పుట మఱి దొరకదు.

ఈ చిట్టా యవసరము 1934లో హెర్క్యులీస్ మండలమున వెలసిన నవతార వలన తేటపడెను. కొన్ని నెలలు వెలిగి, అది యకస్మాత్తుగా మసకబాఱి, మరల మెల్లగా తేఱుకొనెను. ధూళి క్రమ్మినదని కొంద ఱూహించిరి. 1970లో సర్పమండలపు నవతారయందు కంటివెలుగు తగ్గుచుండగా పరారుణ కాంతి హెచ్చుచుండుట కొలువబడెను. నివురు గప్పిన నిప్పనగా నిదియే!

మన దేశమున నీ కార్యము అహమ్మదాబాదు భౌతిక పరిశోధనాలయమువారు ఆబూపర్వతముపై నెలకొల్పిన వేధశాలలో జరిగినది. గాలిలోని నీటియావిరి పరారుణ కిరణములను మ్రింగును గనుక, 1680 మీటర్ల యెత్తున గురుశిఖరము నెన్నుకొనిరి. అచ్చటి 1.2 మీటర్ల దూరదర్శినితో అశోక్, బెనర్జీ, దాస్ మొదలగువారు రాత్రి వెంట రాత్రి వర్ణపటములు తీసిరి. వర్ణపటము వెలుగు యొక్క వాఙ్మూలము. ఏ మూలకమున్నదో, వాయువెంత వేగమున పరుగిడుచున్నదో దానివలన తెలియును. 2006లో ఆర్‌.ఎస్. ఓఫియూకీ మండినప్పుడు దినదినమునకు రేఖలు సన్నబడుట చూచి, విసరబడిన వాయువు జంటతార గాలిని ఢీకొని వేగము కోల్పోవుచున్నదని గ్రహించిరి. 2007 ఫిబ్రవరిలో వృశ్చికమున వెలసినది మాసము తిరుగకమునుపే ధూళిలో మునిగెను. ఆ యేడే సర్పధరమండలమున వెలసిన వేఱొకదానిలో, ధూళి పుట్టుటకు ముందుగా కార్బన్ మోనాక్సైడు కానవచ్చెను. మన బొగ్గుగనులవారు భయపడు విషవాయువే యది.