తుపాకి లైసెన్సు - ఆత్మరక్షణ హక్కు

మన హోసూరు పక్కనున్న తొరపల్లిలో 1878 డిసెంబరు 10న రాజాజీ పుట్టారు. అదే ఏడాది లిటన్ ప్రభువు వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు తీసుకోవాలి, యూరోపియన్లకు మాత్రం మినహాయింపు. పొలం మనది, పంట మనది, కాపలా తుపాకికి మాత్రం దొరగారి దయ కావాలి!

ఈ అవమానాన్ని మన పెద్దలు మరిచిపోలేదు. అహింస బోధించిన గాంధీజీ కూడా 1930లో వైస్రాయి ఇర్విన్ ముందు పెట్టిన 11 కోరికల్లో, ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలని అడిగారు. ఆ ఏడాదే రాజాజీ వేదారణ్యానికి ఉప్పు యాత్ర నడిపించారు. 1931లో కరాచీ కాంగ్రెసు, నియమాలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు పౌరులకు ఉండాలని తీర్మానించింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు. దొర, రైతు అనే తేడా పోయింది, లైసెన్సు మాత్రం ఉండిపోయింది. ఈ చట్టం 13వ సెక్షన్ పంట కాపలాకు మందు కూరి పేల్చే తుపాకి గురించి ప్రత్యేకంగా చెబుతుంది. మన కృష్ణగిరి జిల్లాకు ఇది చాలా అవసరమైన మాట. దేన్‌కనికోట, అంచెట్టి వైపు రాగి చేలల్లోకి అడవిపందులు, ఏనుగులు రావడం మనకు తెలిసిందే.

మా తాతకు అలాంటి తుపాకి ఒకటి ఉంది. ఎన్నికలు వస్తే దాన్ని స్టేషనులో అప్పగించి రావాలి. ఒకసారి ఎన్నికలైపోయి చాలా రోజులైనా తిరిగి ఇవ్వలేదు. "నేనేం దొంగనా?" అని తాత బాధపడ్డాడు. రాగి కోతల కాలం అది. రాత్రంతా టార్చిలైటు, డబ్బా పట్టుకుని చేను కాచాడు. అప్పటినుంచే, తుపాకి పోతే హక్కు కూడా పోతుందా అని నేను మా సార్‌ను అడుగుతూ వచ్చాను.

పోదు. ఆత్మరక్షణ హక్కు 1860 శిక్షాస్మృతిలో 96 నుంచి 106 సెక్షన్ల దాకా ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉంది. దానికి లైసెన్సు అక్కరలేదు. చేతిలో కర్ర ఉన్నా, ఏమీ లేకున్నా అది మనదే. కాని దానికీ హద్దులున్నాయి. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతే దెబ్బ కొట్టాలి. పోలీసుల సాయం పొందే సమయం ఉంటే ఈ హక్కు చెల్లదు. పారిపోతున్నవాణ్ని వెంటాడి పగ తీర్చుకోవడం ఆత్మరక్షణ కాదు. అయితే ప్రాణభయంలో ఉన్నవాడు ప్రతి దెబ్బనూ తూచి కొట్టలేడని 2010లో పంజాబు పొలం తగాదా కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది.

జంతువుల విషయమూ అంతే. ప్రాణం కాపాడుకోవడానికి మంచి మనసుతో చంపితే 1972 వన్యప్రాణి చట్టం నేరమనదు. పంట కోసం ఏనుగును కాలిస్తే మాత్రం నేరమే.

మరి తుపాకి తీసుకుపోతే? నేరానికి సంబంధించిందని అనుమానం ఉంటే పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చు, కాని ఆ సంగతి మేజిస్ట్రేటుకు తెలపాలి. లైసెన్సు రద్దు చేసే అధికారం స్టేషనుది కాదు. లైసెన్సు ఇచ్చే అధికారి 17వ సెక్షన్ కింద కారణాలు రాసిపెట్టి రద్దు చేయాలి. దానిపై 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

కాబట్టి తుపాకి అప్పగించేటప్పుడు రసీదు అడగండి, దాన్ని భద్రంగా దాచండి. తిరిగి ఇవ్వకపోతే నోటితో కాదు, కాగితంపై రాసి అడగండి. 1878లో మన ముత్తాతలకు అడిగే దారి లేదు. ఇప్పుడు మనకుంది. చదువుకున్న పిల్లలం, ఇంట్లో పెద్దవాళ్లకు ఆ అర్జీ మనమే రాసిపెట్టాలి.