పసుపూ పొగాకూ: మా జిల్లా రెండు పంటల కథ

కిందటి వేసవిలో మా బాబాయి, పిన్ని బెంటన్‌విల్ వచ్చారు. ఈ ఊరొచ్చిన వాళ్లందరినీ మనం ముందు తీసుకెళ్లేది ఎక్కడికో మీకు తెలిసిందే! వాల్‌మార్ట్‌లో మందుల వరుస దగ్గర బాబాయి ఆగిపోయారు. సీసా మీద పసుపుకొమ్ము బొమ్మ. "ఒరేయ్, మన దుగ్గిరాల సరుకేరా!" అంటూ రెండు సీసాలు బండిలో వేశారు. నలభై ఏళ్లుగా సిగరెట్లు కాలుస్తున్న మనిషి. "పొగకి పసుపు విరుగుడు. హైదరాబాదులోనే రుజువు చేశారు" అని పైగా నాకు భరోసా!

ఏదో గాలికబురు అనుకున్నాను. తీరా వెతికితే అందులో నిజం లేకపోలేదు. తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థలో కల్పగం పొలాస, కమలా కృష్ణస్వామి, వారి సహచరులు 1992లో ప్రచురించిన పరిశోధన అది. పొగ తాగేవారి మూత్రంలో జన్యువుల్ని మార్చగల పదార్థాలు కనిపిస్తాయి. 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు చొప్పున 30 రోజులు ఇస్తే అవి బాగా తగ్గాయి. పొగ అలవాటు లేని ఆరుగురిలో మార్పేమీ లేదు. మన వంటింటి పసుపుతో, మనవాళ్లు చేసిన పని. చదువుతుంటే నాకూ గర్వంగానే అనిపించింది.

అయితే వారు కొలిచింది మూత్రంలోని సూచికల్ని. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గిందా లేదా అన్నది పదహారు మందితో, నెల రోజుల్లో తేలే సంగతి కాదు. పైగా పసుపులోని కర్క్యుమిన్ పేగుల నుంచి రక్తంలోకి చేరేది బహు స్వల్పం.

అంతకంటే భయపెట్టే కథ ఫిన్లండ్‌ది. క్యారెట్‌కి రంగునిచ్చే బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల్ని కాపాడుతుందని అప్పట్లో గట్టి నమ్మకం. 29 వేలమందికి పైగా పొగరాయుళ్ల మీద పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది: ఆ మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో 18 వేలమందితో సాగుతున్న మరో పరీక్షలోనూ క్యాన్సర్ పెరగడంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. విచిత్రమేమిటంటే, పనిచేస్తాయని ముందుగా రుజువు చూపకుండానే ఇలాంటి సప్లిమెంట్లు అమ్ముకోనిచ్చే చట్టం అమెరికాలో వచ్చిందీ 1994లోనే.

మా ఇంట్లో పొగాకు మీద మాట్లాడటం తేలిక కాదు. గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు సాగు 1920లో మొదలైంది. నాన్న, బాబాయి రాత్రిళ్లు బ్యారన్ దగ్గర నిద్ర కాచి, వేడి చూసుకుంటూ ఆకు పండించినవాళ్లు. నా ఇంజనీరింగు ఫీజు ఆ ఆకుదే. పొగాకుకి 1976లోనే గుంటూరులో బోర్డు వెలిసింది. పసుపుకి జాతీయ బోర్డు నిజామాబాదులో 2025 దాకా రాలేదు. ఏ పంటకి ఎంత పలుకుబడో చూడండి!

ఇదంతా బాబాయికి చెప్పాను. మానేసిన పదేళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు, కాలుస్తూనే ఉన్నవారితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుందనీ, ఏ మాత్రకీ అలాంటి రుజువు లేదనీ కూడా చెప్పాను. "పదేళ్లంటే నాకు ఎనభై రెండు వస్తాయిరా" అని లెక్క కట్టి, పెరట్లోకి వెళ్లిపోయారు.

మొన్న ఫోన్ చేస్తే సీసాలు అయిపోయాయనీ, ఇంక పంపొద్దనీ అన్నారు. "మరి సిగరెట్లో?" అన్నాను.

"ఇదుగో, మీ పిన్నితో మాట్లాడు" అని ఫోన్ ఆవిడ చేతికిచ్చేశారు.