సంకల్పము - కార్యప్రణాళిక

మన దేశమున సంఘములు పుట్టుటకు కొదువలేదు, బ్రతుకుటకే కొదువ. ఒక పున్నమినాడు సభ కూడును, తీర్మానములు జరుగును, చందాల పట్టిక వ్రాయబడును. మఱుసటి పున్నమికి పట్టిక యొక్కటియే మిగులును. ధనలోపమే యిందుకు కారణమని పలువు రందురు. ధనమున్న సంఘములును నశించుట మేము చూచియున్నాము. తలపెట్టిన పనిని ఏ భాగములుగా చేయవలెనో, నడిపించువారు లేకపోయినచో చేసినంత పని యేమగునో ముందుగా నాలోచింపకుండుటయే ప్రధానకారణమని మా యభిప్రాయము. ఇందుకు మన భాషాచరిత్రమే సాక్ష్యము.

1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి వెలసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు దానికి ప్రాణము. చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగువారు తెలుగుననే చదువుకొనునట్లు చేయుట దాని యుద్దేశము. 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము వెలువడెను. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము వచ్చెను. శాస్త్రగ్రంథములును వెంబడించెను. వీనిలో నొకదాని ప్రయోజనము మఱియొకదానిపై నాధారపడియుండలేదు. ఒక పుస్తక మాలస్యమైనను, వెనుకటిదానిని కొన్నవానికి నష్టము లేకుండెను.

పిమ్మట లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. సర్వవిషయములను అకారాదిక్రమమున కూర్పదలచిరి. 1923 జూలై 12వ తేదీన వారు పరమపదించునప్పటికి మూడు సంపుటములు వెలువడెను. అక్షరమాల యింకను ఆరంభముననే యుండెను. కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆ భారమును మరల నెత్తుకొనిరి. 1938లో వారును గతించిరి. గ్రంథము పూర్తికాలేదు.

ఆ మహనీయుల పాండిత్యమునకు గాని, త్యాగమునకు గాని లోపమెన్నుట మాకు తగదు. అకారాదిక్రమము విజ్ఞానసర్వస్వములకు లోకమున వాడుకయైనదే. కాని ఆ కాలమున బిడ్డకు మశూచికము సోకినపుడు దానినిగూర్చి చదువగోరిన గృహిణి మకారము వచ్చువఱకు వేచియుండవలసియుండెను గదా! క్రమము నిర్దోషమైనను, దానిని తుదముట్టింపగల బలగము లేనిచో, చేసిన పనియందును సగము ఫలము చేయని పనియందు చిక్కుకొనును.

1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి విజ్ఞానసర్వస్వమును విషయానుసారముగా విభజించి ప్రకటించెను. చరిత్రము, భౌతికశాస్త్రము మొదలగు విషయములకు వేర్వేఱు సంపుటము లేర్పడెను. కడపటి సంపుటము వచ్చినను రాకున్నను, చేతనున్న సంపుటము పూర్ణమే. సంకల్పము పాతదే; మార్గము మాఱెను.

చదువరులారా, మీ గ్రామమున పఠనమందిరమో, వయోజనుల రాత్రిబడియో నెలకొల్పబోవునెడల నియమావళి వ్రాయుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఈ యేడే మన సంఘము మూతపడినచో, అంతవఱకు మనము చేసినది యెవరికైన నుపయోగపడునా? అవునని చెప్పగల సంఘమే మఱుసటి యేటి పనికి చేయి చాపవచ్చును.