వేగపు బంతుల రంగాచారి

మహాసభ సంచికలలో వంశచరిత్రలును దాతల జీవితములును ప్రకటించుట పరిపాటి. ఆటగాని చరిత్ర యేల యని కొందఱు పెద్దలు శంకింపవచ్చును. ఇంటిపేరును మాత్రము చూచి ఘనులను మనలో గలుపుకొనుట మా యుద్దేశము గాదు. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు చిత్తూరు జిల్లా మదరాసులోనిదే. అప్పటివఱకు రంజీ పోటీలలో ఆంధ్రజట్టు లేదు. కావున తిరుపతి, చిత్తూరు పట్టణముల క్రికెట్ అభిమానులకు మదరాసు జట్టే తమ జట్టు. ఆ జట్టునకు వేగముగా బంతి వేసినవాడు కొమాండూరు రాజగోపాలాచారి రంగాచారి.

ఈయన 1916వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన జన్మించెను. 1936 మొదలు 1946 వఱకు భారతదేశ మొక్క టెస్టయిన నాడలేదు. వేగపు బౌలరునకు బలము నిండుగా నుండు వయసంతయు అట్లు గడచిపోయెను. 1948 జనవరిలో అడిలైడునందు తొలి టెస్టాడునాటికి ఈయనకు ముప్పదియొకటి నిండినవి. ఆ యాటలో బ్రాడ్మన్ 201 పరుగులు చేయగా ఆస్ట్రేలియా 674 పరుగులు చేసెను. రంగాచారి 141 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసెను. మెల్బోర్నులో 97 పరుగులిచ్చియు ఒక్క వికెట్టును బడయలేదు.

నాలుగు టెస్టులు, 493 పరుగులు, తొమ్మిది వికెట్లు, సగటు 54.77. ఈ యంకెలను జూచి పెదవి విఱచువారు ఢిల్లీ యాటను గూడ చూడవలయును. 1948 నవంబరులో ఫిరోజ్‌షా కోట్లా మైదానమున జరిగిన మొట్టమొదటి టెస్టది. కొత్తబంతికి మెఱుగున్నంతసేపే, దాని కుట్టు నిక్కియున్నంతసేపే యిట్టి బౌలరునకు రాజ్యము. ఆ కొద్దిసేపటిలోనే వెస్టిండీస్ 27 పరుగులకు మూడు వికెట్లు కోల్పోయెను. ఆట నారంభించిన రే, స్టోల్మేయర్ లిద్దఱును వెడలిపోయిరి. పిమ్మట మెఱుగు పోయెను; పిచ్ నిద్రపోయెను. వాల్కాట్, గోమెజ్, వీక్స్, క్రిస్టియాని నలువురును శతకములు చేసిరి. మొత్తము 631 పరుగులు. అందు రంగాచారి 107 పరుగులకు అయిదు వికెట్లు తీసెను. అట్టి పిచ్‌మీద అయిదు వికెట్లు తీయుట యెంత కష్టమో, మిట్టమధ్యాహ్నము బంతి చేతబట్టినవారికే తెలియును.

మఱుసటి నెల బొంబాయిలో 148 పరుగులిచ్చియు వికెట్టు దొరకలేదు. అంతటితో ఆయన టెస్టు జీవితము ముగిసెను. ఎంపికచేయువారు ఒక్క యాటకే ఢిల్లీని మఱచిరని మేము తలంతుము.

1949 జనవరిలో వెస్టిండీసువారు చేపాకమునకు వచ్చిరి. మదరాసులో టెస్టు! మన ప్రాంతమువారికి రైలెక్కిన అందునంత దూరము. ఫడ్కర్ ఒక్కడే యేడు వికెట్లు తీసి శ్రమించెను. ఢిల్లీలో నిలువలేకపోయిన రే, స్టోల్మేయర్ లిచ్చట తొలి వికెట్టునకు 239 పరుగులు జోడించిరి. సొంత మైదానమున జరిగిన ఆ టెస్టులో రంగాచారి లేడు.