బాడ్ గాస్టైన్

బాడ్ గాస్టైన్ ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలో, హోహె టావర్న్ పర్వతాల నడుమ, సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న వేడినీటి బుగ్గల పట్టణం. ఊరి మధ్యలోనే గాస్టైనర్ ఆహె నది మూడు అంచెలుగా 341 మీటర్లు కిందికి దూకుతుంది. జలపాతం ఎదుటి రాతి వంతెన మీద నిలబడితే తుంపరలు ముఖాన పడతాయి, పక్కవారి మాట వినపడదు. ఇరువైపులా కొండవాలును పట్టుకుని పాత కాలపు ఎత్తయిన హోటళ్లు.

కొండల్లో ఇంకిన వాన నీరు భూగర్భంలో లోతుకు దిగి, కాగి, బుగ్గలుగా పైకి వస్తుంది. రోజుకు దాదాపు 50 లక్షల లీటర్లు ఊరుతుంది, వేడి 44 నుంచి 47 డిగ్రీలు. ఇందులో రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఉందని 20వ శతాబ్ది తొలి ఏళ్లలో తేలింది.

వైద్యుడు పారాసెల్సస్ 16వ శతాబ్దిలోనే ఈ నీటి గుణాలను పరిశీలించాడు. సంగీతకర్త షూబర్ట్ 1825లో ఇక్కడ పియానో సొనాటా కూర్చాడు. 1865లో ప్రష్యా, ఆస్ట్రియాల మధ్య గాస్టైన్ ఒప్పందం కుదిరింది ఇక్కడి స్ట్రాబింగర్ హోటల్లోనే. 1905లో రైలు రావడంతో ఊరి దశ తిరిగింది.

మనవాళ్లు ఈ ఊరిని గుర్తుపెట్టుకోవలసిన కారణం వేరే ఉంది. ఐరోపాలో ఉన్న కాలంలో సుభాష్ చంద్రబోస్ ఆరోగ్యం కోసం ఇక్కడికి వచ్చేవారు. 1937 డిసెంబరులో ఇక్కడే కూర్చుని ‘యాన్ ఇండియన్ పిల్‌గ్రిమ్’ ఆత్మకథలో పది అధ్యాయాలు రాశారు. కొద్ది వారాలకే హరిపుర కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆత్మకథ అసంపూర్తిగానే ఉండిపోయింది.

సమీపంలోని బోక్‌స్టైన్‌లో 1940లలో బంగారం కోసం సొరంగం తవ్వారు. బంగారం గిట్టుబాటు కాలేదు కానీ, కూలీల కీళ్లనొప్పులు తగ్గాయన్న మాట పుట్టి అది చికిత్సాలయమైంది. రోగులు చిన్న రైల్లో కొండ లోపలికి వెళ్లి, ఉక్కబోసే వేడిలో పడుకుని రాడాన్ గాలి పీలుస్తారు.

20వ శతాబ్ది చివరికి ఊరు కళ తప్పింది. నడిబొడ్డున ఉన్న గొప్ప భవనాలు ఏళ్ల తరబడి మూతపడి పాడయ్యాయి. అంతటి వారసత్వాన్ని అలా వదిలేయడం క్షమించరాని నిర్లక్ష్యం. స్ట్రాబింగర్ హోటల్ 2023లో మళ్లీ తెరుచుకుంది.

సాల్జ్‌బర్గ్ నుంచి రైల్లో సుమారు గంటన్నర ప్రయాణం. మామూలు స్నానానికి ఫెల్జెన్‌థెర్మె స్నానశాల ఉంది. సొరంగ చికిత్స సంగతి వేరు: దీర్ఘకాలం పీల్చితే రాడాన్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది కనుక వైద్యుణ్ని అడగకుండా అందులోకి వెళ్లకూడదు.