నబ్జ్ నుండి విద్యుల్లేఖ వరకు: హృదయ లయ పరిశీలన చరిత్ర

"హకీము గారు నబ్జ్ చూశారు", "వైద్యుడు నాడి పట్టాడు" అనే మాటలు మన ప్రాంతంలో శతాబ్దాలుగా పక్కపక్కనే వినిపిస్తూ వచ్చాయి. భాషలు వేరైనా నమ్మకం ఒక్కటే. మణికట్టు వద్ద ధమనిపై వేళ్ళుంచిన వానికి శరీరం లోపలి సంగతి తెలుస్తుందన్నదే ఆ నమ్మకం. ప్రాణం పోయే వేళ "నాడి అందడం లేదు" అనడంలో ఉన్నదీ ఇదే భావం.

ఈ విశ్వాసానికి ఆధారమెంత? హృదయ లయ తప్పినప్పుడు ప్రాచీన వైద్యుల వేళ్ళకు నిజంగా ఏమి తెలిసింది? ఏది తెలియకుండా పోయింది? ఈ ప్రశ్నలకు సమాధానం వెతికేటప్పుడు రెండు తప్పుదారులు ఎదురవుతాయి. పూర్వులది వట్టి ఊహ అని త్రోసివేయడం ఒకటి. నేటి యంత్రాలు చెప్పేదంతా వారికి ముందే తెలుసునని చాటడం రెండవది. చరిత్రకు ఈ రెండూ అపకారమే చేస్తాయి.

ఇబ్నె సీనా పది లక్షణాలు

నబ్జ్ శాస్త్రానికి మూలం గ్రీకు వైద్యుడు గాలెన్ (జాలీనూస్) గ్రంథాలలో ఉన్నది. హిజ్రీ మూడవ శతాబ్దంలో (క్రీ.శ. 9వ శతాబ్దం) బాగ్దాదులో హునైన్ ఇబ్నె ఇస్హాఖ్, ఆయన సహచరులు ఈ గ్రంథాలను అరబ్బీలోనికి తెచ్చారు. చెల్లాచెదురుగా ఉన్న ఆ విషయాన్ని ఒక క్రమంలో నిలిపినవారు ఇబ్నె సీనా (హి. 370–428; క్రీ.శ. 980–1037). ఆయన "అల్ ఖానూన్ ఫిత్తిబ్" మొదటి గ్రంథంలో నబ్జ్‌కు ప్రత్యేక ప్రకరణముంది. ఇదిగాక రగ్ (నాళ) పరిశీలనపై ఫార్సీలో ఒక చిన్న గ్రంథం కూడా రచించారు.

నాడిని మణికట్టు వద్దనే ఎందుకు చూడాలి? ఆయన చెప్పిన కారణాలు సులభమైనవి. ఆ చోటు చేతికి సులువుగా అందుతుంది. దానిని చూపడానికి ఎవరూ సిగ్గుపడరు. అక్కడి ధమని హృదయానికి సూటిగా ఉంటుంది. రోగి కోపంతోగాని, ఆకలితోగాని, నిండు కడుపుతోగాని, శ్రమపడిగాని ఉన్నప్పుడు నాడి చూడరాదనీ, ఆరోగ్యవంతుని నాడిని ప్రమాణంగా పెట్టుకోవాలనీ ఆయన హెచ్చరించారు.

తరువాత పది లక్షణాలను పేర్కొన్నారు: నాళం విస్తరించే పరిమాణం, వేలికి తగిలే దెబ్బ బలం, కదలికకు పట్టే కాలం, నాళపు మెత్తదనం లేక గట్టిదనం, నిండుదనం లేక వెలితి, వేడి లేక చల్లదనం, రెండు కదలికల నడుమ విరామం, దెబ్బల సమత్వం లేక వైషమ్యం, ఆ వైషమ్యంలో క్రమం ఉండుట లేక లేకపోవుట, చివరిది "వజ్న్", అనగా తూకం లేక లయ.

ఎనిమిదవ, తొమ్మిదవ లక్షణాల వద్ద మనం కొంత ఆగాలి. దెబ్బలు ఒకదానితో ఒకటి సరిపోలని నాడిని "ముఖ్తలిఫ్" అన్నారు. అంతటితో వదలలేదు. ఆ తేడా ఒక వరుస ప్రకారం తిరిగి తిరిగి వస్తే "ముంతజమ్". ఏ వరుసా లేకుంటే "ఘైర్ ముంతజమ్". నేటి వైద్య కళాశాలలో విద్యార్థికి నాడి గురించి నేర్పే మొదటి విభజన ఇదే. క్రమంగా తప్పే లయ వేరు, ఏ క్రమమూ లేకుండా తప్పే లయ వేరు. రెండవది కనిపిస్తే కర్ణికల కంపనాన్ని (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) ముందుగా అనుమానించమని గురువులు చెబుతారు.

విషమ నాడులకు పెట్టిన పేర్లు కూడా పరిశీలించదగినవి. జింకలా ఎగిరే నాడి "ఘజాలీ", అలలాంటిది "మౌజీ", పురుగు ప్రాకినట్లుండేది "దూదీ", చీమ నడిచినంత సన్నగా ఉండేది "నమ్లీ", రంపపు పళ్ళవంటిది "మిన్షారీ", ఎలుక తోకలా క్రమంగా సన్నగిల్లేది "జనబుల్ ఫార్". కొట్టవలసిన చోట ఆగిపోయే నాడికీ, విరామం ఉండవలసిన చోట అదనంగా కొట్టే నాడికీ వేర్వేరు పేర్లు ఇచ్చారు. మన శార్ఙ్గధర సంహితలో వాత నాడిని పాము, జలగ నడకతోను, పిత్త నాడిని కాకి, కప్ప గమనంతోను, కఫ నాడిని హంస, పావురం నడకతోను పోల్చడం పాఠకులకు తెలిసినదే. వేలికి తగిలినదాన్ని మాటలో పెట్టడానికి ఉభయ సంప్రదాయాలూ జంతువుల నడకనే ఆశ్రయించాయి.

నాడిని ఒక్కసారి చూసి వదలక, కొంతసేపు వదలకుండా గమనించే పద్ధతి కూడా ఖానూన్‌లో ఉంది. ప్రేమ రోగి (ఇష్ఖ్) మనసులోని వ్యక్తి ఎవరో చెప్పనప్పుడు, వైద్యుడు అతని నాడిపై చేయి ఉంచి పేర్లు, వీధులు ఒక్కొక్కటే పలకాలి. ఏ పేరు వద్ద నాడి మాటిమాటికీ తడబడుతుందో అదే జవాబు. హృదయ లయపై మనసు ప్రభావాన్ని కనిపెట్టడానికి చేసిన పరీక్షయే ఇది.

తెలియని భాగం

అయితే ఈ నాడి ఎందుకు తప్పుతున్నది? ఇక్కడ ఇబ్నె సీనా గాలెన్ సిద్ధాంతాన్నే అనుసరించారు. ధమనులు విస్తరించి, సంకోచించి లోపలి "రూహ్"ను చల్లబరుస్తాయని, మలినాన్ని వెడలగొడతాయని భావించారు. హృదయం కుడి గదినుండి ఎడమ గదికి నడిమి గోడలోని రంధ్రాల ద్వారా రక్తం చేరుతుందనే గాలెన్ మాట కూడా చాలాకాలం చెల్లింది.

దానిని ఖండించినవారు ఇబ్నె నఫీస్ (మరణం హి. 687, క్రీ.శ. 1288). ఖానూన్‌లోని శరీర నిర్మాణ భాగానికి 1242లో వ్రాసిన వ్యాఖ్యలో, ఆ గోడ దళసరిగా ఉన్నదనీ, దానిలో రంధ్రాలు లేవనీ, రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమ గదికి చేరుతుందనీ స్పష్టంగా చెప్పారు. ఇబ్నె సీనాను వ్యాఖ్యానిస్తూనే ఆయనతో విభేదించడం గమనించదగినది. ఈ వ్యాఖ్య శతాబ్దాల పాటు మరుగున పడి, 1924లో ఈజిప్టు వైద్యుడు ముహియుద్దీన్ తతావీ జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో సమర్పించిన పరిశోధన వ్యాసం ద్వారా వెలుగులోనికి వచ్చింది.

రక్తపు దారి తెలిసినా లయకు మూలమేమిటో తెలియలేదు. హృదయ కండరంలో ప్రతి సంకోచానికి ముందు స్వల్ప విద్యుత్తు ప్రసరిస్తుందనే సంగతి వేలికి అందేది కాదు.

హైదరాబాదు కమిషన్లు

ఈ లోటు ఎంత ప్రమాదకరమో మన హైదరాబాదులోనే తేలింది. 1847లో శస్త్రచికిత్సలో మత్తుకు క్లోరోఫారం వాడుకలోనికి వచ్చింది. 1848 జనవరిలోనే ఇంగ్లండులో పదిహేనేళ్ళ బాలిక, కాలిగోరు తీయడానికి మత్తు ఇస్తుండగా, నిమిషాల్లో మరణించింది. అప్పటినుండి వైద్యులు రెండు పక్షాలుగా చీలిపోయారు. క్లోరోఫారం హృదయాన్ని హఠాత్తుగా ఆపుతుంది కనుక నాడిని చూడాలన్నారు ఒకరు. ముందు ఆగేది శ్వాస, దానిని గమనిస్తే చాలునన్నారు ఇతరులు.

హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ రెండవ పక్షానికి చెందినవారు. 1888లో ఆయన ఆధ్వర్యంలో మొదటి క్లోరోఫారం కమిషన్ జరిగింది. దానిని లండన్‌లోని లాన్సెట్ పత్రిక శంకించగా, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చి, ఆ పత్రిక ప్రతినిధినే పంపమన్నది. 1889 చివర లాడర్ బ్రంటన్ వచ్చారు. వందల కొద్దీ జంతువులపై ప్రయోగాలు చేసి, శ్వాస ఆగినందువల్లనే మరణం కలుగుతుందని రెండవ కమిషన్ కూడా తేల్చింది.

విచిత్రమేమంటే, నబ్జ్ చూడడమే విద్యగా సాగుతున్న నగరం నుండి, నాడి చూడవద్దనే ఉపదేశం లోకానికి వెళ్ళింది. అదే 1888లో ఇదే నగరంలో దాయిరతుల్ మఆరిఫ్ స్థాపితమైంది. అల్ రాజీ మహాగ్రంథం "కితాబుల్ హావీ"ని తరువాత 1955 నుండి అచ్చువేసిన సంస్థ అదే.

కమిషన్ ప్రయోగాలు అబద్ధం కావు. అధిక మోతాదులో ఇచ్చినప్పుడు ముందు ఆగేది శ్వాసే. కానీ మరణాలలో చాలావరకు మత్తు పూర్తిగా ఎక్కకముందే, భయంతో రోగి గింజుకునే వేళ సంభవించేవి. 1889లోనే అబర్డీన్‌లో మాక్‌విలియం, మనిషి హఠాన్మరణానికి హృదయ జఠరికల కంపనం కారణం కావచ్చునని వ్రాశారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగించి, తేలికపాటి క్లోరోఫారం మత్తులోనే జఠరికలు కంపించి హృదయం విఫలమవుతుందని చూపించారు. లయ తప్పిన తీరును థామస్ లూయిస్‌తో కలిసి విద్యుల్లేఖలలో నమోదు చేశారు. రెండు పక్షాలూ సగం సత్యాన్నే పట్టుకొన్నాయని అప్పుడు తేలింది.

లేడెన్ నగరపు దారం

ఆ విద్యుల్లేఖ కథ క్లుప్తంగా ఇది. 1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ మనిషి శరీరంపై నుండి హృదయ విద్యుత్తును మొదటిసారి నమోదు చేశారు. కానీ ఆయన వాడిన పాదరస పరికరం మందగొడి. జావాలో జన్మించిన డచ్చి శాస్త్రజ్ఞుడు విలెం ఐంథోవెన్ ఆ లోపాన్ని తీర్చారు. వెండి పూసిన అతి సన్నని స్ఫటిక దారాన్ని బలమైన అయస్కాంతం మధ్య వ్రేలాడదీశారు. హృదయ విద్యుత్తు ప్రవహించినప్పుడు దారం కదులుతుంది. దాని నీడను కదిలే ఫలకంపై చిత్రిస్తారు. రోగి రెండు చేతులు, ఒక కాలు ఉప్పునీటి పాత్రలలో ఉంచి కూర్చోవలసి వచ్చేది. రోగిని యంత్రం వద్దకు తేలేక, ఆసుపత్రి నుండి కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు టెలిఫోను తీగ ద్వారా సంకేతాన్ని తెప్పించి, 1906లో దానిని ప్రకటించారు. 1924లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఆయన గీతలకు పెట్టిన పి, క్యూ, ఆర్, ఎస్, టి అనే పేర్లే నేటికీ వాడుకలో ఉన్నాయి. పి కర్ణికల విద్యుత్తును, క్యూ-ఆర్-ఎస్ జఠరికల విద్యుత్తును చూపుతాయి. 1909లో లూయిస్ లండన్‌లోను, రోత్‌బర్గర్, వింటర్‌బర్గ్ వియన్నాలోను, ఏ క్రమమూ లేని నాడి గల రోగులలో పి గీత కనిపించదనీ, దాని స్థానంలో సన్నని అలలు మాత్రమే ఉంటాయనీ చూశారు. ఆ నాడికి కారణం కర్ణికల కంపనమే. కర్ణికలు కలిసికట్టుగా సంకోచించక వణుకుతుంటే, జఠరికలకు సంకేతాలు ఏ వరుసా లేకుండా చేరుతాయి. ఘైర్ ముంతజమ్ నాడికి కారణాలలో ముఖ్యమైనది ఇట్లు తొమ్మిది శతాబ్దాల అనంతరం తెలియవచ్చింది.

లయ ఒక్కోసారి తప్పి మళ్ళీ సర్దుకుంటే ఒక్క నిమిషపు చిత్రం చాలదు. ఈ కొరత తీర్చడానికి నార్మన్ హోల్టర్ రోగి వెంట మోసుకుపోయే యంత్రాన్ని రూపొందించి, 1961లో ప్రకటించారు. అదే దశకంలో గుండెపోటు రోగుల లయను రేయింబవళ్ళు గమనించే ప్రత్యేక విభాగాలు ఆసుపత్రులలో వెలిశాయి. 2018లో మణికట్టు గడియారంలో ఇ.సి.జి.కి అమెరికాలో అనుమతి లభించింది.

తుది మాట

ఇబ్నె సీనాకు కర్ణికల కంపనం తెలుసునని మనం అనరాదు. ఆ నాడిని ఆయన వేరుచేసి గుర్తించారనవచ్చు. అది చిన్న విషయం కాదు. గుర్తించనిదానికి కారణం వెతకడం సాధ్యం కాదు గదా. మరోవైపు, పట్టుదలగల నిపుణులు, ధనం, ప్రయోగాలు అన్నీ ఉండి కూడా, తాము ముందే నమ్మినదానినే చూసినందువల్ల హైదరాబాదు కమిషన్లు హృదయాన్ని నిర్దోషిగా ప్రకటించాయి.

ఈ చరిత్ర వల్ల ఒక ఆచరణీయమైన విషయం కూడా తెలుస్తుంది. కర్ణికల కంపనం గలవారి హృదయంలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరవచ్చు. పక్షవాతపు ప్రమాదం వారికి దాదాపు అయిదు రెట్లు. చాలామందికి ఏ బాధా ఉండదు. కనుక మణికట్టుపై వేళ్ళుంచి ఒక నిమిషం గమనించే అలవాటు నేటికీ విలువైనదే. దెబ్బలు క్రమం లేకుండా తగిలితే అంతటితో నిర్ణయానికి రాక, ఇ.సి.జి. తీయించుకోవాలి. అనుమానం కలిగించడం వేళ్ళ పని. దానిని నిర్ధారించడం విద్యుల్లేఖ పని. గురువును గౌరవిస్తూనే ఆయన మాటను పరీక్షించిన ఇబ్నె నఫీస్ మార్గం ఇక్కడ కూడా మనకు అనుసరణీయం.