వాపును చల్లార్చే కొవ్వులు: రుజువు ఎంత?

రోగనిరోధక కణాలపై కొవ్వు ఆమ్లాల ప్రభావం గురించి సాధారణంగా చెప్పే కథ సాఫీగా నడుస్తుంది: ఆ ఆమ్లాల నుంచి పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రైన్లు వాపు తెస్తాయి, లైపాక్సిన్లు, రిసాల్విన్లు చల్లారుస్తాయి. ఈ రెండో సగంపై నాకు గట్టి అనుమానాలున్నాయి.

తొలి ఘట్టాలు తెలిసినవే. ప్రోస్టాగ్లాండిన్‌కు 1935లో ఫాన్ ఆయిలర్ పేరు పెట్టాడు. దాని తయారీనే ఆస్పిరిన్ అడ్డుకుంటుందని 1971లో జాన్ వేన్ చూపాడు. ఇక ల్యూకోట్రైన్లు. 1938లో ఫెల్డ్‌బర్గ్, కెల్లవే నాగుపాము విషం ఎక్కించిన ఊపిరితిత్తుల నుంచి, కండరాన్ని నెమ్మదిగా బిగించే పదార్థమేదో వెలువడడం గమనించారు. అదేమిటో 1979లో శామ్యూల్‌సన్ బృందం తేల్చేసరికి నాలుగు దశాబ్దాలు గడిచాయి. తెల్లరక్తకణంలో 5-లైపాక్సీజినేజ్ అనే ఎంజైము అరాకిడోనిక్ అనే కొవ్వు ఆమ్లానికి ఆక్సిజన్ చేర్చడంతో ఇవి పుడతాయి. మనిషి న్యూట్రోఫిల్లు అనే తెల్లరక్తకణాలు ల్యూకోట్రైన్ బి4 రకాన్ని పుష్కలంగా తయారుచేస్తాయి, దాని వాసన పట్టినట్టు అటే కదులుతాయి. దాని గ్రాహకం 1997లో దొరికింది. డి4 రకం గ్రాహకాన్ని అడ్డుకునే మాంటెలుకాస్ట్‌కు 1998లో అమెరికా అనుమతి వచ్చింది. ఉబ్బసం రోగులు నేటికీ వాడుతున్నారు. పదార్థం, గ్రాహకం, మందు మూడూ ఒకే మాట చెబుతున్నాయి.

లైపాక్సిన్ల దగ్గర ఈ పొందిక సడలింది. 1984లో సెర్హాన్, హామ్‌బెర్గ్, శామ్యూల్‌సన్ వాటిని మనిషి తెల్లరక్తకణాల్లోనే కనుగొన్నారు, నిజమే. కానీ అప్పటికే ఆక్సిజన్ చేరిన కొవ్వు ఆమ్లాన్ని బయటి నుంచి అందించారు. కణం చేయగలదని తేలింది. ఒంట్లో తనంతట తాను చేస్తుందని తేలలేదు. 2000లో రిసాల్విన్ల తొలి ఆధారాలు ఒమేగా-3, ఆస్పిరిన్ ఇచ్చిన ఎలుకల వాపు ద్రవంలో దొరికాయి. లైపాక్సిన్ ఎ4 గ్రాహకంగా చెప్పిన ఎఫ్‌పీఆర్2 మరెన్నో పెప్టైడ్లకూ స్పందిస్తుంది. తర్వాత కొన్ని ప్రయోగశాలలు పరీక్షిస్తే, లైపాక్సిన్‌కు అది స్పందించడం కనబడలేదు. 2023లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఓడానెల్ తదితరులు మరింత ఇబ్బందికరమైన సంగతి చెప్పారు: కొలత పరికరం గుర్తించగల కనీస పరిమితిని పాటించకపోవడంతో, లేని లైపాక్సిన్, రిసాల్విన్ అణువులను ఉన్నట్టు లెక్కించారని.

అలాగని అంతా కొట్టిపారేయలేం. మనిషి మాక్రోఫేజ్‌లలో కొన్నిటికి, ఇయోసినోఫిల్లకు 15-లైపాక్సీజినేజ్ ఉంది. అవి కొవ్వు ఆమ్లాలను మార్చగలవు. విడిగా తయారుచేసి పెద్ద మోతాదులో ఇచ్చిన అణువులు ఎలుకల్లో వాపు తగ్గించాయి. అయితే మందులా పనిచేయడం వేరు, ఒంటి సహజ సంకేతం కావడం వేరు. ఈ తేడాను పరిశోధకులే తరచు చెరిపేశారు. ఒమేగా-3 పేరుతో చేప నూనె మాత్రలు అమ్మే వ్యాపారులను తర్వాత తిట్టి ఏం లాభం?

ఎలుకను నమ్ముకోవడంలో మరో చిక్కు ఉంది. 5-ఆక్సో-ఈటీఈ అనే అణువు మన ఇయోసినోఫిల్లను బలంగా రప్పిస్తుంది. దాని గ్రాహకం ఎలుకల్లో అసలు లేనే లేదు. అందుకే దానిపై పని ఆలస్యమైంది. రిసాల్విన్లపై వచ్చిన వ్యాసాల గుట్టతో పోలిస్తే దాని వాటా చాలా చిన్నది. నా మట్టుకు, మనిషి కణంలో నిలిచిన ఆ సంకేతం మీదే ముందు శ్రమ పెట్టాలి. రిసాల్విన్ల పక్షం వారు తమ ముడి కొలతలను అందరి ముందూ పరచాలి.